కిటికీ వెలుతురు – పొరుగువాని గోడ

పడమటింటి ఆసామి ఇంటికి తూర్పు గోడలో రెండు కిటికీలున్నవి. ఆ కిటికీల కావల పొరుగువాని ఖాళీ దొడ్డి. ఉదయపు వెలుతురంతయు ఆ దొడ్డి మీదుగనే ఇంటిలోనికి వచ్చును. ఒకనాడు తూర్పింటి ఆసామి దొడ్డిలో పునాదులు తీయించి గోడ లేపసాగెను. అది కిటికీల పై అంచు దాటుసరికి పడమటింటిలో పట్టపగలే దీపము పెట్టవలసి వచ్చెను. “ఇన్నేళ్ళబట్టి వస్తున్న వెలుతురు ఎట్లా మూస్తావు బావా?” అని ఒకరు, “నా జాగాలో నేను కట్టుకోవడానికి నీ సెలవు కావాలా?” అని మరియొకరు. ఊరిలో సగము మంది ఒకరి ప్రక్క, సగము మంది మరియొకరి ప్రక్క చేరుదురు.

ఇట్టి తగవు లేని గ్రామము అరుదు. ఇందులో ఎవరిది మంచితనమో, ఎవరిది మొండితనమో న్యాయస్థానము ముందుగా విచారింపదు. దాని మొదటి ప్రశ్న ఒక్కటే: ఆ కిటికీల వయస్సెంత? పందొమ్మిది ఏండ్లు కూడ నిండనిచో తూర్పింటి ఆసామి నిశ్చింతగా గోడ కట్టుకొనవచ్చును. ఇరువదిరెండేండ్లయినచో ఆ గోడ ఆగిపోవచ్చును, కట్టినది పడగొట్టవలసియు రావచ్చును. ఇంత పెద్ద తేడా రెండు మూడేండ్లలో వచ్చుట చాల మందికి తెలియదు. తెలిసేనాటికి గోడకు సున్నము కూడ వేసి యుందురు.

ఈ విషయమును నిర్ణయించునది 1882వ సంవత్సరపు 5వ చట్టము, అనగా భారత ఈజుమెంట్ల చట్టము. ఇది 1882 జులై 1వ తేదీనుండి నాటి మదరాసు రాజధానిలో, అనగా నేటి కోస్తా, రాయలసీమ జిల్లాలలో మొదటినుండియు అమలులోనున్నది. నేడు తెలంగాణలోని కోర్టులును దీనినే అనుసరించుచున్నవి. ఈజుమెంటు అనగా, తన ఆస్తిని చక్కగా అనుభవించుకొనుటకై పొరుగువాని ఆస్తిమీద ఒకరికుండు హక్కు. పొరుగు చేనిలోనుండి నడచు బాట, పొరుగు దొడ్డిలో పడు చూరునీరు, పొరుగు స్థలము మీదుగా కిటికీకి వచ్చు వెలుతురు, ఇవన్నియు ఆ కోవలోనివే.

పైనుండి వచ్చు వెలుతురు, ప్రక్కనుండి వచ్చు వెలుతురు

వెలుతురు రెండు విధములు. నడినెత్తినుండి నిట్టనిలువుగా మన భూమి మీద పడునది ఒకటి. దానికి ఏండ్ల లెక్క అక్కరలేదు. భూమి ఎవరిదో, ఆ భూమి పైనుండి దిగు వెలుతురు, గాలి వారివే అని చట్టములోని 7వ సెక్షను ఉదాహరణముగా చెప్పుచున్నది. పొరుగువాడు తన డాబా చజ్జాను మన స్థలము మీదికి చాచినచో, నిన్న చాచినను నేడే ఆక్షేపింపవచ్చును.

ప్రక్కనుండి, పొరుగువాని స్థలము మీదుగా ఏటవాలుగా వచ్చునది రెండవది. ఇది పుట్టుకతో వచ్చిన హక్కు కాదు. పొరుగువాడు తన స్థలములో ఏమియు కట్టకుండుటచేత మనకు వచ్చుచున్న లాభము మాత్రమే. తన స్థలములో తాను కట్టుకొను హక్కును చట్టము అతనికి ముందే ఇచ్చియున్నది. ఆ హక్కుకు అడ్డు తగులు శక్తి మన కిటికీకి రావలెనన్న కాలము గడువవలెను.

ఇరువది ఏండ్ల లెక్క

చట్టములోని 15వ సెక్షను ప్రకారము ఒక కట్టడములోనికి వచ్చు వెలుతురును గాని, గాలిని గాని ఇరువది సంవత్సరములు తగవు లేకుండ, ఆటంకము లేకుండ, ఈజుమెంటుగా అనుభవించినచో అది స్థిరమైన హక్కగును. కిటికీ అవతలి స్థలము ప్రభుత్వమునకు చెందిన పోరంబోకైనచో ముప్పది ఏండ్లు కావలెను. పూర్వము దీనికి అరువది ఏండ్లుండెడిది. 1963 నాటి లిమిటేషన్ చట్టము దానిని తగ్గించినది.

ఈ లెక్కలో రైతులు పొరపడు చోట్లు మూడు కలవు.

మొదటిది, ఇరువది ఏండ్లు ఎప్పుడో ఒకప్పుడు నిండియుండుట చాలదు. ఆ ఇరువది ఏండ్ల కాలము దావా వేయుటకు ముందు రెండేండ్ల లోపల ముగిసినదై యుండవలెను. 1995లో పెట్టిన కిటికీని 2020లో గోడ కట్టి మూసివేసినారనుకొనుడు. ఇరువదియైదేండ్లు అనుభవించితినని ధీమాగా కూర్చుండి 2024లో కోర్టుకు పోయినచో ఈ సెక్షను సాయపడదు. ఇరువది ఏండ్లు నిండినంత మాత్రమున హక్కు పెట్టెలో దాచుకొన్న పత్రము వంటిదని తలచుట తప్పు.

రెండవది, ఆటంకమనగా ఏమి? పొరుగువాడు నాలుగు నెలలు తడిక కట్టి తీసివేసినచో లెక్క తెగదు. అడ్డు నిజముగా పెట్టబడవలెను. అది ఎవరు పెట్టినారో మనకు తెలిసిన తరువాత ఒక సంవత్సరముపాటు మనము ఊరకుండవలెను. అప్పుడే చట్టము దానిని ఆటంకముగా గుర్తించును. కనుక అడ్డు లేచినప్పుడు వాకిట నిలబడి కేకలు వేయుటకంటె, ఆ సంవత్సరము లోపల వకీలుచేత రిజిష్టరు నోటీసు ఇప్పించుట మేలు. కేకలకు సాక్ష్యము దొరకదు, నోటీసుకు రసీదుండును. నోటీసుతో సరిపెట్టుకొనక దావా కూడ గడువులో వేయవలెను.

మూడవది అనుమతి. “ఈ కిటికీలు మీ దయవలన పెట్టుకొనుచున్నాము, మీరు కట్టదలచిననాడు మూసికొందుము” అని ఒడంబడిక యున్నచో, ఎన్ని ఏండ్లు గడచినను హక్కు పుట్టదు. దీనివలన ఇరువురికిని మేలే. ఖాళీ స్థలము గల ఆసామి నేడు పొరుగువానితో తగవు పెట్టుకొననక్కరలేదు, వెలుతురు మూయనక్కరలేదు. ఒక కాగితము వ్రాయించుకొన్న చాలును. నోటిమాట చెల్లదని కాదు, ఇరువది ఏండ్ల తరువాత ఆ మాట విన్నవారు బ్రదికియుండుట అనుమానము. ఇంగ్లండులో ఇందుకు ఒక వింత ఏర్పాటు కలదు. 1959 నాటి చట్టము ప్రకారము నిజమైన గోడ కట్టకుండనే, ఇంత ఎత్తు గోడ యున్నట్లు భావింపుడని నోటీసు నమోదు చేయించినచో, అది ఒక ఏడాదిపాటు గోడ లేచినట్లే. మన చట్టములో ఈ కాగితపు గోడ లేదు. ఇచట ఒడంబడికయైన కావలెను, నిజమైన తడికయైన కావలెను.

ఎంత వెలుతురు తగ్గినచో దావా నిలుచును?

హక్కు పుట్టినంత మాత్రమున వెలుతురు కొంచెము తగ్గినదని కోర్టుకు పోరాదు. నష్టము చెప్పుకొనదగినదై యుండవలెను. చట్టములోని 33వ సెక్షను దీనికి కొలత చెప్పుచున్నది. ఆస్తి విలువ బాగుగా తగ్గినదా? ఇంటిలో నివసించువారి శరీరసౌఖ్యమునకు గణనీయమైన భంగము కలిగినదా? వాడుకగా అచట చేసికొను వృత్తి మునుపటివలె సాగకున్నదా? వీనిలో ఏదైన ఒకటి ఋజువు కావలెను. మగ్గపు గుంటలో కూర్చుండి నేత నేయు వానికి కిటికీ వెలుతురు లేనిచో పోగు తెగినది కనబడదు. అతని వాదన బలమైనది. ధాన్యపు బస్తాలు పేర్చుకొను గదిలో కొంత మసక కమ్మినదను వాని వాదన అంత బలమైనది కాదు.

ఇంగ్లండులో ప్రభువుల సభ 1904లో ఒక పెద్ద తీర్పునందు ఈ సూత్రమునే స్థిరపరచినది. మునుపటికంటె వెలుతురు తక్కువయినదా యని కాక, మిగిలిన వెలుతురుతో మామూలు మనుష్యుడు సౌఖ్యముగా ఉండగలడా యని చూడవలెనని చెప్పినది. కలకత్తానుండి వెళ్ళిన ఒక అప్పీలులో 1914లో ప్రివీ కౌన్సిలు కూడ అట్లే నిర్ణయించినది. గోడ ఎత్తు కిటికీనుండి 45 డిగ్రీల కోణము దాటినచో తప్పు, దాటనిచో ఒప్పు అని కొందరు మేస్త్రీలు చెప్పుచుందురు. అది అంచనాకు పనికివచ్చు గుర్తే గాని చట్టము కాదు. అదే గదికి మరియొక వైపునుండి చాలినంత వెలుతురు వచ్చుచున్నచో దానిని గూడ కోర్టు చూచును.

కిటికీనుండి కనబడు చెరువు గట్టు, కొండ, పచ్చని చేలు మూతపడినవని మాత్రము దావా వేయుటకు వీలు లేదు. చూపునకు కాలము గడచినంత మాత్రమున హక్కు పుట్టదు.

పాత ఇల్లు పడగొట్టువారికి

నేడు గ్రామములలో పూరిండ్లు, మట్టి మిద్దెలు, పెంకుటిండ్లు పడగొట్టి డాబాలు కట్టుచున్నారు. ఈ సందర్భమున పోవు హక్కులు ఎన్నియో. ఇల్లు పూర్తిగా పడిపోయినచో దానితోగూడ కిటికీ హక్కును పోవును. అయితే ఇరువది ఏండ్ల లోపల అదే స్థలములో, పొరుగువానికి మునుపటికంటె ఎక్కువ భారము కలుగనట్లు తిరిగి కట్టినచో హక్కు మరల బ్రదుకునని 51వ సెక్షను చెప్పుచున్నది. చిక్కంతయు “ఎక్కువ భారము కలుగనట్లు” అనుచోట నున్నది. పూర్వము రెండడుగుల కిటికీ యున్నచోట ఇప్పుడు ఆరడుగుల కిటికీ పెట్టి, ఆ ఆరడుగులకును పాత హక్కు కలదనుట చెల్లదు. కొత్త అంతస్తు మీది కిటికీలకు లెక్క మొదటినుండి మొదలగును.

కనుక పాత గోడ పడగొట్టుటకు ముందు ఒక పూట ఖర్చు చేసి మూడు పనులు చేయవలెను. కిటికీల పొడవు, వెడల్పు, నేలనుండి ఎత్తు, గోడ మూలనుండి దూరము కొలిచి కాగితముపై పటము గీయుడు. లోపలినుండియు బయటనుండియు తేదీ పడునట్లు ఫొటోలు తీయించుడు. పంచాయతీ ఇంటిపన్ను రశీదులలో పాతవి ఎన్ని దొరికిన అన్నియు భద్రపరచుడు. ఇల్లు ఏనాటిదో తెలుపుటకు ఆ రశీదులు పెద్ద సాక్ష్యము. చెదలు తిన్న రశీదుల కొరకు వగచిన వాదులను కోర్టు వరండాలలో చూడవచ్చును.

అన్నదమ్ముల పంపకములో

అన్నదమ్ములు ఒకే లోగిలిని పంచుకొన్నచోట ఇరువది ఏండ్ల లెక్క ఎల్లవేళల పనిచేయదు. పంపకము నాటికి అన్న వాటా కిటికీలకు తమ్ముని వాటా పెరటి మీదుగా వెలుతురు వచ్చుచుండెననుకొనుడు. ఆ వాటాను నాడు అనుభవించిన రీతిగనే అనుభవించుటకు ఆ వెలుతురు అవసరమైనచో, మరునాటినుండియే అన్నకు హక్కు కలదని 13వ సెక్షను చెప్పుచున్నది. ఒక ఇల్లు అమ్మి ప్రక్క స్థలమును తనకే ఉంచుకొన్న వానికిని ఇదే వర్తించును; అమ్మిన ఇంటి కిటికీలను మూయునట్లు అతడు కట్టరాదు. పత్రములో వేరుగా వ్రాసికొన్నచో మాత్రము ఆ వ్రాతయే చెల్లును.

మన పంపకపు పత్రములలో గట్టులు, బావి వంతులు, చింతచెట్టు కాయ సైతము వ్రాయుదురు; కిటికీలను గూర్చి ఒక్క ముక్క వ్రాయరు. తండ్రి యున్నంత కాలము పెరడు పెరడుగనే యుండును. మనుమలు పెరిగి, గదులు చాలక, ఆ పెరటిలో గోడ లేచిననాడు అన్నదమ్ముల పిల్లలు వాదిప్రతివాదులగుదురు. “తమ్ముడు తన పెరటిలో పన్నెండడుగుల ఎత్తు వరకు కట్టుకొనవచ్చును, అన్న గోడనుండి ఆరడుగులు వదలవలెను” అని ఒక వాక్యము దస్తావేజులో చేర్చుటకు ఖర్చేమియు లేదు.

పొలమునకు ఈ హక్కు లేదు

రైతులు ముఖ్యముగా తెలిసికొనవలసినది ఇది. పైన చెప్పినదంతయు కట్టడములకే. ఖాళీ నేలకు ప్రక్కనుండి వచ్చు వెలుతురుకును, గాలికిని ఎన్ని ఏండ్లు అనుభవించినను హక్కు పుట్టదని 17వ సెక్షను స్పష్టముగా చెప్పుచున్నది. కళ్ళము, నారుమడి, మిరప ఆరబోయు జాగా, వరిచేను అన్నియు ఖాళీ నేలలే. తాత నాటినుండి ఎండ తగులుచున్న చేనియెడల పొరుగువాడు తన గట్టు వెంబడి సరుగుడో, సుబాబులో నాటినచో, నీడ పడుచున్నదను కారణముచేత ఆ చెట్లను తీయింపజాలము.

ఆ నీడ నష్టము చిన్నది కాదు. విజయవాడ ప్రాంతమున డిసెంబరు చివర మధ్యాహ్నపు సూర్యుడు దక్షిణ దిక్కున సుమారు 50 డిగ్రీల ఎత్తున మాత్రమే యుండును. ముప్పది అడుగుల చెట్టు నీడ ఉత్తరముగా 25 అడుగుల దూరము పడును. దక్షిణపు గట్టు 200 అడుగులున్న ఎకరపు చెక్కలో ఆ గట్టు వెంబడి దట్టముగా చెట్లున్నచో, నడిమధ్యాహ్నము సైతము 11 సెంట్లకు పైగా నేల నీడలో నుండును. మే నెల మొదటి వారములో సూర్యుడు నడినెత్తికి వచ్చును గనుక ఆ నీడ కనబడదు. వేసవిలో పొలము చూచి కొన్నవాడు రబీ పైరు పెట్టిన తరువాత గాని మోసపోయితినని గ్రహింపడు. పొలము కొనువారు దక్షిణపు గట్టు ఎవరిదో, దాని మీద ఏమున్నదో చూచుకొనవలెను.

కొమ్మల సంగతి వేరు. పొరుగు చెట్టు కొమ్మ మన చేని మీదికి వాలినచో అది పైనుండి దిగు వెలుతురును ఆపుచున్నది. ఆ చోటు మనది. సరిహద్దు దాటి వచ్చినంత మేరకు కొమ్మను మన నేలమీదనే నిలబడి కొట్టివేయు హక్కు మనకు కలదని కోర్టులు అంగీకరించినవి. ఎన్ని ఏండ్లు వాలియున్నను అట్లే వాలియుండు హక్కు చెట్టు ఆసామికి రాదు. కాని పొరుగు చేనిలో అడుగు పెట్టరాదు, అతని చెట్టెక్కరాదు, కొట్టిన కొమ్మను, దాని కాయను మన ఇంటికి తెచ్చుకొనరాదు. ముందుగా ఒక మాట చెప్పి కొట్టుట మర్యాద. చాల చోట్ల చెప్పినచో ఆసామియే కొట్టించును. చెట్టును మొదలంట నరుకుట మాత్రము వేరు సంగతి. అది తన చెట్టే యైనను 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము క్రింద అనుమతి అవసరము కావచ్చును.

సోలారు పంపుసెట్లు పెట్టుచున్నవారికి ఈ సెక్షను కొత్తగా ముఖ్యమైనది. పలకలో కొంత భాగముపై నీడ పడినను కరెంటు ఆ భాగముతో సరిపోక అంతకుమించి తగ్గును. పొలములో నిలబెట్టిన పలకలకు కిటికీ హక్కు వంటిది లేదు. కావున పలకలను పొరుగువాని గట్టుకు ఉత్తరముగా ఆనించి పెట్టరాదు. స్థలము లేక అచటనే పెట్టవలసివచ్చినచో, ఇంత ఎత్తుకు మించిన చెట్లు పెంచనని పొరుగువానిచేత వ్రాయించుకొని రిజిష్టరు చేయించుకొనవలెను. కాలము గడచుటచేత రాని హక్కు ఒడంబడికచేత రావచ్చును.

గోడ లేచుచున్నప్పుడు

రాత్రికి రాత్రి గడ్డపార పట్టుకొని పొరుగువాని గోడ పడగొట్టుట అన్నిటికంటె పెద్ద తప్పు. మన హక్కు ఎంత బలమైనదైనను అడ్డును మనమే తొలగించుకొనరాదని 36వ సెక్షను నిషేధించుచున్నది. హక్కుగలవాడు ముద్దాయియై నిలబడవలసివచ్చును.

పునాది స్థితిలోనే సివిలు కోర్టులో దావా వేసి తాత్కాలిక ఇంజంక్షను కోరవలెను. అప్పుడే ఒక వకీలును కమీషనరుగా నియమించి కిటికీలు, గోడ, మధ్య దూరము కొలిపించవలెనని దరఖాస్తు పెట్టవలెను. ఆ కొలతల నివేదికకు దావాలో ఎంతో విలువ యుండును. గోడ పూర్తియగు వరకు చూచుచు ఊరకున్నవానికి పడగొట్టు ఉత్తరువు లభించుట కష్టము. కోర్టు నష్టపరిహారముతో సరిపెట్టవచ్చును.

పంచాయతీ కార్యదర్శులు గుర్తింపవలసినది యేమనగా, ఇంటి ప్లాను మంజూరు చేసినంత మాత్రమున పొరుగువాని కిటికీ హక్కు పోదు. మంజూరు నిరాకరించినంత మాత్రమున ఆ హక్కు పుట్టదు. నియమముల ప్రకారము వదలవలసిన స్థలము వదలినాడా లేదా చూచుట పంచాయతీ పని. ఈజుమెంటు కలదా లేదా తేల్చుట సివిలు కోర్టు పని. కొత్త కిటికీ తెరచినాడు, మా ఆడవారి వైపు కనబడుచున్నది అని వచ్చు ఫిర్యాదులు వేరు. 1888లో అలహాబాదు హైకోర్టు ఆ ప్రాంతపు ఆచారమును బట్టి అట్టి చాటు హక్కును గుర్తించినది గాని, మదరాసు హైకోర్టు మన ప్రాంతములకు దానిని సాధారణముగా ఒప్పుకొనలేదు. ఆచారము ఋజువు కానిచోట తన గోడలో కిటికీ తెరచుట తప్పు కాదు. దానికెదురుగా ఇరువది ఏండ్ల లోపల తన స్థలములో గోడ కట్టుటయు తప్పు కాదు.

దావా వేయకముందు గాని, వేసిన తరువాత గాని ఉభయులు లోక్ అదాలతుకు పోవచ్చును. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము అచట కుదిరిన రాజీ కోర్టు డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. రాజీలో “వెలుతురు రానీయవలెను” అని మాత్రము వ్రాసికొనరాదు. గోడ ఎన్ని అడుగుల ఎత్తు, కిటికీనుండి ఎన్ని అడుగుల దూరము, ఆ ఖాళీలో కప్పు వేయవచ్చునా లేదా, చూరునీరు ఎటు పడవలెను అని అంకెలతో వ్రాయించి, పటము జతచేసి, ఉభయులు దానిమీద కూడ సంతకములు చేయవలెను.